చిన్న ట్రైలర్ ఇంటికి సోలార్: ఇన్సులిన్ ఫ్రిజ్ ఆగకుండా నడవాలి, ఏం పెట్టించుకోవాలి?

అనంతపురం టీచరమ్మ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మావారు ఆర్టీసీలో చేసి నాకంటే ముందే రిటైరయ్యారు. గండికోట, లేపాక్షి, బెలుం గుహలు, యాగంటి గురించి ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను గానీ, వాటి దగ్గర ఒక్క రాత్రి నిలిచి నిదానంగా చూసింది లేదు. పొద్దున వెళ్లడం, సాయంత్రం బస్సుకు పరుగెత్తడం, అంతే. పిల్లల బాధ్యతలు తీరాయి కాబట్టి ఇద్దరం ఆలోచించుకుని, మా బొలెరో వెనక తగిలించుకునేలా ఒక చిన్న ట్రైలర్ ఇల్లు చేయించుకున్నాం. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

ట్రైలర్ పొడవు 10 అడుగులు, వెడల్పు 6 అడుగులు. ఒకే ఇరుసు, రెండు చక్రాలు. జీఐ చదరపు పైపులతో చట్రం కట్టి, బయట ఏసీపీ షీటు, లోపల థర్మాకోల్, దాని మీద ప్లైవుడ్ వేశారు. రూఫ్ సరిగ్గా మధ్యలో గాలి కోసం 14 అంగుళాల మూత కిటికీ ఉంది. లోపల ఇద్దరం పడుకునే మంచం, దాని కింద సామాను అర, చిన్న వంట గట్టు, గ్యాస్ స్టవ్, నీళ్ల ట్యాంకు. పనివాడు చాలా శ్రద్ధగా చేశాడు. చూసిన ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది.

ఇక అసలు విషయం. నేను పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటాను. ఇంతవరకు థర్మాకోల్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టి తీసుకెళ్లాం. చలికాలంలో ఫర్వాలేదు. వేసవిలో తాడిపత్రి దాటేసరికే ఐసు నీళ్లయిపోతోంది, ఆ నీళ్లలో సీసాలు తేలుతుంటే నాకు ఒకటే టెన్షన్. విప్పని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని డాక్టరు గట్టిగా చెప్పారు. వాడుతున్న సీసానైనా మన మే నెల ఎండల్లో బయట పెట్టలేం కదా. అందుకని 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ చిన్నది, 18 లీటర్లది చూశాం. దాని మీద 45 వాట్లు అని రాసి ఉంది. అది రాత్రీ పగలూ నడవాలి. దాంతోపాటు ఒక ఫ్యాన్, మూడు నాలుగు లైట్లు, ఫోన్లు, నీళ్ల మోటారు, పచ్చడికి ఐదు నిమిషాలు మిక్సీ. ఏసీ, టీవీ మాకు అక్కర్లేదు.

ఊళ్లో ఒక షాపుకు వెళ్తే ఇలా రాసిచ్చారు: 540 వాట్ల ప్యానెల్ ఒకటి, 12/24 ఆటో అని ఉన్న 30 ఆంప్స్ పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి ఛార్జింగ్ సర్దే పెట్టె), 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇంట్లో వాడే ఇన్వర్టర్. పెద్ద ప్యానెల్ కాబట్టి అన్నీ నడుస్తాయమ్మా అన్నారు. మరి ప్యానెల్ రూఫ్ మీద ఎక్కడ పడుతుందని అడిగితే, కిటికీ మూసేస్తే సరిపోతుందన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఎండలో నిలబడే పెట్టెకు గాలి పోయే దారి మూస్తే మనుషులు ఎలా పడుకుంటారు?

ఈ లెక్క సరైనదేనా? రూఫ్‌కు బోల్టులు వేస్తే వానకు కారదా? ఎండ కావాలంటే చెట్టు నీడ వదులుకోవాలి, నీడ కావాలంటే కరెంటు వదులుకోవాలి, దీనికి మీరంతా ఏం చేస్తున్నారు? ప్రభుత్వ సబ్సిడీ దీనికి ఏమైనా వస్తుందా? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.


ప్రొద్దుటూరు సోలార్ పని

అమ్మా నమస్కారం. నేను ప్రొద్దుటూరు చుట్టుపక్కల పొలాల్లో సోలార్ పంపుసెట్లు, ఇళ్ల మీద ప్యానెళ్లు బిగిస్తుంటాను. మీరు కొలతలన్నీ రాశారు కాబట్టి సమాధానం కూడా కొలతలతోనే చెప్పగలను.

ముందు ఆ కొటేషన్‌కు డబ్బు కట్టకండి. అందులో ఏ వస్తువూ చెడ్డది కాదు, కానీ ఒకదానికొకటి పొత్తు కుదరదు. 540 వాట్ల ప్యానెల్ పనిచేసేది సుమారు 41 వోల్టుల దగ్గర, 13 ఆంప్స్‌తో. పీడబ్ల్యూఎమ్ కంట్రోలర్ చేసే పనల్లా ప్యానెల్‌ను తీసుకెళ్లి బ్యాటరీకి కలపడమే. బ్యాటరీ 13 వోల్టుల దగ్గర ఉంటే ప్యానెల్ కూడా 13 వోల్టులకు దిగిపోవాలి. ఆంప్స్ మాత్రం ఆ 13 దగ్గరే ఉంటాయి. 13ను 13తో గుణించి చూడండి, 170 వాట్లు. 540కి డబ్బు కట్టి 170 తెచ్చుకున్నట్టు. ఇంకో మాట, ఆ ప్యానెల్ ఖాళీగా ఉన్నప్పుడు 49, 50 వోల్టులు చూపిస్తుంది, డిసెంబరు తెల్లవారుజామున చలికి ఇంకాస్త పెరుగుతుంది. 12/24 కంట్రోలర్లలో చాలావాటికి 50 వోల్టులే గరిష్ఠ పరిమితి. కాలిపోతే ఆ రోజు నుంచి మీ ఫ్రిజ్‌కు దిక్కుండదు. పెద్ద ప్యానెల్‌కు ఎంపీపీటీ కంట్రోలర్ ఉండాలి. అది ఎక్కువ వోల్టులను తగ్గించి, ఆ మేరకు ఆంప్స్ పెంచి ఇస్తుంది.

అసలు ఆ ప్యానెల్ మీ రూఫ్ మీద పట్టనే పట్టదు. దాని పొడవు ఏడున్నర అడుగులు, వెడల్పు మూడుముప్పావు. మీ రూఫ్ మధ్యలో కిటికీ ఉంది కాబట్టి దానికి అటూ ఇటూ మిగిలేది సుమారు రెండు అడుగుల ఐదు అంగుళాల పట్టీలు. అడ్డంగా వేద్దామంటే అడుగున్నర బయటికి వస్తుంది. కిటికీ మూయమన్నది అందుకే. మీరు మూయకండి. 36 సెల్స్ ఉండే 170 వాట్ల ప్యానెళ్లు దొరుకుతాయి. పొడవు ఐదడుగుల లోపు, వెడల్పు రెండుంబావు అడుగుల లోపు, బరువు 11, 12 కేజీలు. కిటికీకి ఒక పక్కన ఒకటి, రెండో పక్కన ఒకటి చక్కగా కూర్చుంటాయి.

ఇప్పుడు మీ వాడకం లెక్క వేద్దాం. ఇంటి కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు, అదే కొలత పెట్టుకోండి. ఫ్రిజ్ 45 వాట్లే అయినా కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది. చల్లటి ఊళ్లలో మూడో వంతు సేపు నడిస్తే చాలు, మన దగ్గర మే నెలలో సగానికి పైగా నడుస్తుంది. రోజుకు 600 వాట్ అవర్లు వేసుకోండి. తక్కువ కరెంటు తీసుకునే 12 వోల్టుల బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు, పది గంటలకు 300. లైట్లు 80, ఫోన్లు 40, నీళ్ల మోటారు పావుగంటకు 15, మిక్సీ 50. మొత్తం రోజుకు ఒక యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. రూఫ్ మీది 340 వాట్లు, మన ఎండలో పూర్తి బలంతో 5 గంటలు పనిచేసినట్టు లెక్కగట్టి, వేడికి, దుమ్ముకు, వైర్లకు పోయేది మూడో వంతు తీసేస్తే రోజుకు సుమారు 1130 వాట్ అవర్లు వస్తాయి. సరిగ్గా సరిపోతుంది, కానీ మిగులు లేదు.

ఆ మిగులు కోసం మూడో 170 వాట్ల ప్యానెల్ ఒకటి విడిగా పెట్టుకోండి. మీ చెట్టు నీడ ప్రశ్నకు కూడా అదే జవాబు. ట్రైలర్‌ను చింతచెట్టు కిందో వేపచెట్టు కిందో ఆపుకోండి, మూడో ప్యానెల్‌ను పది మీటర్ల వైరుతో ఎండలో పెట్టండి. వెనక ఇనుప కాళ్లు మడిచేలా వెల్డింగ్ చేయిస్తే ఎండ తిరిగిన వైపు తిప్పుకోవచ్చు. డిసెంబరులో ఇది బాగా కలిసొస్తుంది. మన అక్షాంశంలో ఏప్రిల్ నెలాఖరున, ఆగస్టు మధ్యలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి రూఫ్ మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కు ఏ లోటూ లేదు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అప్పుడు దక్షిణం వైపు వాల్చిన ప్యానెల్ ఎక్కువ ఇస్తుంది. బయటి ప్యానెల్‌కు 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడండి. సన్న వైరు వేస్తే దారిలోనే వోల్టులు పోతాయి.

బ్యాటరీ దగ్గర నేను గట్టిగా చెబుతాను, ట్యూబులర్ వద్దు. 150 ఏహెచ్ ట్యూబులర్ 55, 60 కేజీలు తూగుతుంది, సగం కంటే ఎక్కువ వాడితే త్వరగా పాడవుతుంది, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. మీరు పడుకునే మంచం కింద అది ఉండకూడదు. 100 ఏహెచ్ లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీ 12, 13 కేజీలే. అందులో 1280 వాట్ అవర్లుంటాయి, వెయ్యి దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. రాత్రికి మీకు అయ్యేది 600. దాన్ని మంచం కింది అరలో, ఇరుసుకు దగ్గరగా కదలకుండా బిగించండి. బయట ఇనుప పెట్టెలో పెట్టవద్దు. ఎండకు ఆ పెట్టె లోపల వేడి విపరీతంగా పెరుగుతుంది, 55, 60 డిగ్రీలకు వస్తే బ్యాటరీలోని బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూటు ఛార్జింగ్ ఆపేస్తుంది. గ్యాస్ సిలిండర్ ఉన్న అరలో అసలే వద్దు.

ఇంటి ఇన్వర్టర్ ఏమీ నడపకపోయినా తన మటుకు 10 నుంచి 20 వాట్లు తీసుకుంటుంది. రోజంతా ఆన్‌లో ఉంటే మీ ఫ్యాన్ వాడకమంత వృథా. ఫ్యాన్, లైట్లు, మోటారు, ఫ్రిజ్, ఫోన్ ఛార్జింగ్ అన్నీ 12 వోల్టులవే తీసుకోండి. మిక్సీకి మాత్రం చిన్న ప్యూర్ సైన్ ఇన్వర్టర్ పెట్టుకుని, పచ్చడి నూరేటప్పుడు ఆన్ చేసి వెంటనే ఆపేయండి.

అన్నిటికన్నా ముఖ్యం ఫ్రిజ్ లైను. దాన్ని మిగతా వాటితో కలపకండి. బ్యాటరీ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎంఎం వైరు, దానికి సొంత ఫ్యూజు. ఫ్యాన్, లైట్లు, ఇన్వర్టర్ వేరే లైను మీద, తక్కువ వోల్టేజీకి తనంతట తానే ఆగిపోయే కటాఫ్ తర్వాత ఉండాలి. మబ్బు రోజున బ్యాటరీ తగ్గితే ముందు ఫ్యాను ఆగాలి, లైట్లు ఆగాలి, ఫ్రిజ్ మాత్రం చివరిదాకా నడవాలి. షాపులో ఎవరూ ఇలా విడదీసి ఇవ్వరు, మీరే అడిగి చేయించుకోవాలి. విసనకర్రతో ఒక రాత్రి గడుస్తుంది, ఇన్సులిన్ పాడైతే గడవదు.

సబ్సిడీ విషయం: పీఎం సూర్యఘర్ కింద వచ్చేది ఇంటి పైకప్పు మీద పెట్టి కరెంటు లైనుకు కలిపే వాటికే. మూడు కిలోవాట్లకు 78,000 దాకా ఇచ్చేది అదే. ట్రైలర్‌కు రాదు. అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో అది సరిగ్గా వేశారో లేదో చూసుకోండి.


కర్నూలు తేనె పెట్టెలు

టీచరమ్మ గారికి నమస్తే. మాది కర్నూలు. తేనెటీగల పెట్టెలతో నంద్యాల వైపు పొద్దుతిరుగుడు పూతకు, తర్వాత ఎక్కడ పూత ఉంటే అక్కడికి తిరుగుతుంటాం. రాత్రిళ్లు పెట్టెల దగ్గరే ఉండాలి కాబట్టి మాకూ ఇలాంటి చిన్న ట్రైలర్ ఉంది. దాని మీద రెండు ప్యానెళ్లు ఏళ్లుగా నడుస్తున్నాయి. బిగింపు సంగతి నేను చెబుతాను.

ఏసీపీ షీటుకు స్క్రూలు వేయనివ్వకండి. అది మూడు నాలుగు మిల్లీమీటర్ల పలుచటి షీటు, మధ్యలో ప్లాస్టిక్. గతుకుల రోడ్డు మీద నాలుగు రోజులు తిరిగితే స్క్రూ వదులైపోతుంది. లోపలి జీఐ పైపు ఎక్కడుందో చూసి దానికే బోల్టు వేయాలి. అయస్కాంతం ముక్క తీసుకుని రూఫ్ మీద జరుపుకుంటూ పోతే పైపు ఉన్నచోట పట్టుకుంటుంది, అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోండి. అల్యూమినియం ఎల్ యాంగిళ్లు, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, అదురుకు వదులవ్వని నైలాక్ నట్లు, కింద రబ్బరు వాషర్లు. రంధ్రం వేసిన చోట పీయూ (పాలీయురిథేన్) సీలెంట్ పెట్టాలి. బాత్రూముల్లో వాడే సిలికాన్ అదురుకు ఊడిపోతుంది. వైరు లోపలికి దిగే చోట దాని చుట్టూ బిగుసుకునే గ్లాండ్ బిగించి, వైరును ముందు కిందికి వంచి మళ్లీ పైకి తిప్పి లోపలికి పంపండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ప్యానెల్‌కు, రూఫ్‌కు మధ్య రెండు అంగుళాలు ఖాళీ తప్పకుండా వదలండి. గాలి ఆడితే ప్యానెల్ చల్లగా ఉంటుంది. దాని నీడ రూఫ్ మీద పడి లోపల మీకూ వేడి తగ్గుతుంది. ముందు అంచున మాత్రం ఒక రేకు వాలుగా పెట్టించండి, లేకపోతే 44వ నంబరు హైవే మీద వేగంగా పోయేటప్పుడు గాలి కిందికి దూరి ప్యానెల్‌ను పైకి లాగుతుంది.

ఎత్తు కూడా కొలుచుకోండి. ప్యానెళ్లు పెట్టాక ట్రైలర్ నాలుగు అంగుళాలు పెరుగుతుంది. మన వైపు రైల్వే అండర్‌బ్రిడ్జిల ముందు అడ్డ కమ్మీలు ఉంటాయి. కొత్త ఎత్తును అడుగుల్లో రాసి బొలెరో డ్యాష్‌బోర్డు మీద అంటించుకుంటే సార్‌కు గుర్తుంటుంది.

నా అభిప్రాయంలో రెండు ప్యానెళ్లను సిరీస్ (ఒకదాని ప్లస్‌కు ఇంకోదాని మైనస్) చేయవద్దు, పారలల్ (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) చేయండి. సిరీస్‌లో ఒకదాని మీద కొమ్మ నీడ పడినా రెండూ దెబ్బతింటాయి. మావి పారలల్‌లోనే ఉన్నాయి.


అనంతపురం టీచరమ్మ

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ఇంత ఓపికగా చెబుతారని అనుకోలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. షాపు వాళ్లకు కొటేషన్ వద్దని ఫోన్ చేసి చెప్పేశాను.

ప్రొద్దుటూరు బాబూ, సిరీస్, పారలల్ సంగతి మీరు రాయలేదు. కర్నూలు ఆయన పారలల్ అంటున్నారు. మీరేమంటారు? మూడో ప్యానెల్‌ను రూఫ్ మీది వాటికి ఎలా కలపాలి? మావారు ఇంకొకటి అడగమన్నారు: రెండు రోజులు ముసురు పట్టి ఎండ రాకపోతే బొలెరో ఇంజను నుంచి ఈ బ్యాటరీ ఛార్జ్ చేసుకోవచ్చా? నవంబరులో తుపాను వస్తే కడప, చిత్తూరు వైపు మూడు రోజులు సూర్యుడు కనిపించని సందర్భాలు చూశాం. నా ఇన్సులిన్ కోసం మధ్యలో ఊరికి తిరిగి రావడం ఆయనకు ఇష్టం లేదు, నాకు అంతకన్నా ఇష్టం లేదు.


ప్రొద్దుటూరు సోలార్ పని

కర్నూలు అన్న చెప్పిన బిగింపు అంతా నూటికి నూరుపాళ్లు సరైనది. పనివాడికి అదే చూపించండి. నీడ గురించి చెప్పిందీ నిజమే. కానీ మీ విషయంలో నేను సిరీస్‌కే ఓటు వేస్తాను, కారణం మన ఎండ.

36 సెల్స్ ప్యానెల్ మీద పనిచేసే వోల్టేజీ 18 అని రాసి ఉంటుంది. అది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి కొలత. మే నెలలో గాలి 42, 43 ఉంటే రూఫ్ మీది ప్యానెల్ 70 డిగ్రీల దాకా పోతుంది. వేడి పెరిగే ప్రతి డిగ్రీకి వోల్టేజీ కొంచెం కొంచెం తగ్గి, ఆ సమయానికి 18 కాస్తా 15 దగ్గరకు వస్తుంది. లిథియం బ్యాటరీ నిండాలంటే 14.2, 14.4 వోల్టులు కావాలి. వైరులో పోయేది పోగా ఎంపీపీటీకి పని చేసుకోవడానికి చోటే మిగలదు. కొన్ని కంట్రోలర్లు మొదలవ్వాలంటేనే బ్యాటరీ కంటే 5 వోల్టులు ఎక్కువ అడుగుతాయి. సిరీస్‌లో పెడితే 36 వోల్టులు, ఎంత వేడికైనా 30 ఉంటుంది, పొద్దున ఎండ పలుచగా ఉన్నప్పుడే ఛార్జింగ్ మొదలవుతుంది. అన్న పొలాల్లో ఉంటాడు, సాయంత్రం చెట్ల నీడలు వాలుతుంటాయి, ఆయనకు పారలల్ కుదిరింది. మీకు నీడలో ఆగిన రోజున మూడో ప్యానెల్ ఉండనే ఉంది.

కాబట్టి రూఫ్ మీది రెండూ సిరీస్‌లో, 100 వోల్టులు, 30 ఆంప్స్ ఎంపీపీటీకి. బయటి ప్యానెల్‌ను వాటితో కలపకండి, వోల్టులు వేరు. దానికి విడిగా 15 ఆంప్స్ పీడబ్ల్యూఎమ్ చిన్నది చాలు. 36 సెల్స్ ప్యానెల్‌కు, 12 వోల్టుల బ్యాటరీకి పీడబ్ల్యూఎమ్ సరిజోడే. నేల మీద కాళ్లపై నిలబడిన ప్యానెల్‌కు వెనక గాలి ఆడుతుంది కాబట్టి అంత వేడెక్కదు. రెండు కంట్రోలర్లూ ఒకే బ్యాటరీకి కలపవచ్చు, ఇబ్బంది లేదు. రెండింటిలోనూ బ్యాటరీ రకం లిథియం అని సెట్ చేయించండి. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ వైర్లు, తర్వాతే ప్యానెల్ వైర్లు తగిలించాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఈ వరుస తప్పితే కంట్రోలర్ పోతుంది.

ఫ్యూజులు బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో ఉండాలి. లైను చివర్లో పెడితే మధ్యలో వైరు చట్రానికి రాసుకుని షార్టయినప్పుడు అది కాపాడదు. మొత్తానికి 80 ఆంప్స్ ఒకటి, ఎంపీపీటీ లైనుకు 40, ఫ్రిజ్‌కు 15. ట్రైలర్‌కు ఇకపై ఎప్పుడు వెల్డింగ్ చేయించినా బ్యాటరీ, ప్యానెల్ రెండూ విప్పాకే చేయమనండి.

ప్యానెల్ కడగడం గురించి ఒక మాట. మన ఎర్రమట్టి దుమ్ము రెండు రోజుల్లో పొర కడుతుంది. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు చల్లకూడదు. బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి, అవి దుమ్ముకన్నా మొండివి. తాగే నీళ్లు ఒక చెంబెడు చాలు. రూఫ్ ఎక్కే పని మీరు పెట్టుకోవద్దమ్మా, పొడుగు కర్రకు మెత్తటి బ్రష్షు కట్టుకుని నేల మీద నుంచే తుడవండి.

ఇంజను నుంచి ఛార్జింగ్ సంగతి నాకంటే బండ్ల కరెంటు పని చేసేవాళ్లు బాగా చెబుతారు.


కడప ఆటో ఎలక్ట్రికల్

చేసుకోవచ్చు మేడమ్, కానీ నేరుగా వైరు లాగి కలపకూడదు. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత కరెంటు ఇస్తే అంతా లాగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోతుంది. మీ బొలెరో బీఎస్6 అయితే ఇంకో చిక్కు ఉంది. కొత్త బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజీ స్థిరంగా ఉండదు, డీజిల్ ఆదా కోసం బండే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అందుకే మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాలి, బండి వోల్టేజీ ఎలా ఉన్నా అది బ్యాటరీకి కావలసినంతే ఇస్తుంది. 20 ఆంప్స్‌ది మీకు చాలు. గంట సేపు బండి నడిస్తే సుమారు 250 వాట్ అవర్లు ఎక్కుతాయి. అంటే అనంతపురం నుంచి గండికోట చేరేలోపే ఫ్రిజ్‌కు ఒక రోజుకు కావలసినంత వచ్చేస్తుంది. ముసురు రోజుల్లో ఇదే మీకు ఆధారం.

ట్రైలర్ లైట్ల కోసం పెట్టిన ఏడు పిన్నుల సాకెట్ నుంచి ఈ కరెంటు తీయవద్దు. ఆ వైర్లు సన్నవి. బొలెరో బ్యాటరీ నుంచి వెనకదాకా 16 స్క్వేర్ ఎంఎం వైరు విడిగా లాగి, గొట్టంలో పోనిచ్చి, రెండు చివర్లా ఫ్యూజు పెట్టి, తగిలించే చోట పెద్ద కరెంటుకు తట్టుకునే 50 ఆంప్స్ యాండర్సన్ ప్లగ్ వేయించండి. మైనస్‌కు కూడా వైరే ఉండాలి, కొక్కెం ఇనుము మీద ఆధారపడకూడదు. డీసీ టు డీసీ ఛార్జర్ ట్రైలర్ లోపల, బ్యాటరీకి దగ్గరగా. ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా ఇగ్నిషన్ వైరు ఇప్పించండి, లేదంటే రాత్రికి బొలెరో బ్యాటరీ దిగిపోయి పొద్దున సెల్ఫ్ తీసుకోదు.

బండి కదులుతున్నప్పుడు ట్రైలర్‌లో ఎవరూ కూర్చోకూడదు మేడమ్, ఫ్రిజ్ చూసుకోవాలన్నా సరే. ఫ్రిజ్ లోపలి వేడి బొలెరోలో కూర్చుని చూసుకోవాలంటే వైర్‌తో వచ్చే చిన్న డిజిటల్ థర్మామీటర్లు కాదు, వైర్‌లెస్‌వి దొరుకుతాయి. ఒకటి తీసుకోండి.


అనంతపురం టీచరమ్మ

కడప బాబుకు కూడా ధన్యవాదాలు. మావారికి చదివి వినిపించాను. ఆర్టీసీలో బండ్లు నడిపిన మనిషి కాబట్టి ఆల్టర్నేటర్ మాట వినగానే తల ఊపారు. మా బొలెరో బీఎస్6దే.

మా నిర్ణయం ఇది. రూఫ్ మీద రెండు 170 వాట్ల ప్యానెళ్లు సిరీస్‌లో, కిటికీ అలాగే ఉంటుంది. బయట కాళ్ల ప్యానెల్ ఒకటి. 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ మంచం కింద. ఫ్రిజ్‌కు సొంత లైను. డీసీ టు డీసీ ఛార్జర్ కూడా ఇప్పుడే పెట్టిస్తాం. ట్రైలర్ చేసినతనికి చట్రం పైపులు ఎక్కడున్నాయో తెలుసు, బిగింపు అతనిచేతే చేయిస్తాను. కరెంటు పని మాత్రం సోలార్ తెలిసినవాళ్ల చేత. మొదటి ప్రయాణం తాడిపత్రి మీదుగా గండికోట, అక్కడి నుంచి బెలుం. పెన్నా లోయ అంచున ఒక సాయంత్రమంతా కూర్చోవాలని నాకు చాలా కోరిక.

ఇంకేమైనా మరిచిపోయానా?


ప్రొద్దుటూరు సోలార్ పని

ఒక్కటే అమ్మా. పని పూర్తయ్యాక ట్రైలర్‌ను మీ ఇంటి ముందే ఎండలో నిలబెట్టి రెండు పగళ్లు, రెండు రాత్రులు ఫ్రిజ్ నడపండి. లోపల ఇన్సులిన్ బదులు నీళ్ల సీసాలు పెట్టి, పక్కనే థర్మామీటర్ ఉంచండి. 4, 5 డిగ్రీల దగ్గర సెట్ చేయండి. చల్లదనం ఎక్కువ కావాలని ఇంకా తగ్గించవద్దు, ఇన్సులిన్ గడ్డకడితే పారేయాల్సిందే. సీసాలను ఫ్రిజ్ గోడకు ఆనించకుండా చిన్న డబ్బాలో పెట్టి మధ్యలో ఉంచండి. రాత్రి పడుకునే ముందు, తెల్లవారి లేచాక బ్యాటరీ ఎంత శాతం ఉందో నోట్‌బుక్‌లో రాసుకోండి. తెల్లవారేసరికి 40 శాతం కంటే తగ్గితే ఎక్కడో ఏదో ఎక్కువ లాగుతోందని అర్థం, నాకు ఇక్కడే రాయండి, చూద్దాం. గండికోటకు వచ్చినప్పుడు మా ప్రొద్దుటూరు దగ్గరే. ఏదైనా ఇబ్బందైతే స్క్రూడ్రైవరు పట్టుకుని నేనే వస్తాను.


అనంతపురం టీచరమ్మ

అలాగే బాబూ. ఫ్రిజ్ రేపే తెప్పిస్తున్నాం. నీళ్ల సీసాలతో పరీక్ష పెట్టి, బ్యాటరీ అంకెలు ఇక్కడే రాస్తాను.